బాబాయిగారి మేడ మీద హాస్టల్

బాబాయిగారి పెద్దకర్మ రోజు పొద్దున్నే మేడ మీద బాత్‌రూంలోంచి పాట వినిపించింది. మనిషి పోయిన ఇంట్లో ఎవరో గొంతెత్తి, శ్రుతి తప్పి, హాయిగా పాడుతున్నారు. కింద ఏర్పాట్లు చూసుకుంటున్న పంతులుగారు తల పైకెత్తి, తర్వాత పిన్నిగారి వంక చూశారు. పిన్నిగారు కళ్ళు తుడుచుకుంటూనే, "ఏమనుకోకండి పంతులుగారూ, ఆ బాత్‌రూంకి గొళ్ళెం లేదు" అన్నారు. పంతులుగారికి ఏమీ అర్థం కాలేదు. తువ్వాళ్ళు భుజాన వేసుకుని మేడ మెట్ల మీద వరసగా కూర్చున్న మాకు మాత్రం బాగా అర్థమైంది. నవ్వు ఆపుకోవడం మా వల్ల కాలేదు.

లోపల పాడుతున్నాయన బెంగుళూరులో సైంటిస్టు. ఆయన బయటికి రాగానే వెళ్ళినావిడ ఒక కాలేజీకి ప్రిన్సిపాలు. ఆవిడ కూడా పాడింది. మేమందరం పదేళ్ళ తేడాలో, ఇరవయ్యేళ్ళ తేడాలో బాబాయిగారి దగ్గర తయారైనవాళ్ళం. ఒకరి మొహం ఒకరం ఎరగం గానీ, ఆ మెట్ల మీద కూర్చోగానే ఒకే హాస్టల్లో చదువుకున్నవాళ్ళలా కలిసిపోయాం.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. విజయవాడ పటమటలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు. కాలువల డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యారు. డిగ్రీ అయిపోయి యూనివర్సిటీకి వెళ్ళబోయే పిల్లలెవరు కనిపించినా, బయల్దేరే ముందు రెండు వారాలు తన మేడ మీద ఉంచుకుని తయారు చేసి పంపడం ఆయన తనకి తాను తగిలించుకున్న పని. ఎవరూ అడగలేదు. వద్దన్నవాళ్ళు మాత్రం కొందరున్నారు, వాళ్ళ మాట ఆయన వినలేదు.

ఆయన సిద్ధాంతం ఒకటే. చదువు రాక యూనివర్సిటీ వదిలేసి వచ్చినవాడు ఇంతవరకు పుట్టలేదు. అన్నం సయించక వచ్చేస్తారు, నిద్ర పట్టక వచ్చేస్తారు, స్నానాల దగ్గర సిగ్గుపడి వచ్చేస్తారు. కాలువకి నీళ్ళు ఒక్కసారిగా వదిలితే గట్టు తెగుతుంది కాబట్టి, పిల్లల మీదకి హాస్టల్ని కూడా కొంచెం కొంచెంగా వదలాలి అనేవారు. "నా దగ్గర తయారైనవాళ్ళు ఒక్కరు కూడా వెనక్కి రాలేదు" అని పటమటలో ఆయన చెప్పుకోని కిళ్ళీకొట్టు లేదు.

నాకు ఉత్తరాదిన ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటొచ్చిన రోజు ఇంట్లో సంతోషం కన్నా గొడవే ఎక్కువ జరిగింది. మా నాన్నది చేపల వ్యాపారం. కైకలూరు వైపు చెరువుల దగ్గర చేపలు కొని, ఐసు పెట్టెల్లో సర్ది లారీల్లో పంపుతాడు. మా ఇంటా వంటా డిగ్రీ దాటినవాళ్ళు లేరు, చేప మానినవాళ్ళూ లేరు. చివరికి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. మధ్యలో వచ్చేశానంటే మళ్ళీ పంపేది లేదు, ఇంట్లో కూర్చుని లారీల లెక్కలు రాసుకోవాలి. మా నాన్న ఉత్తినే బెదిరించే రకం కాదు, అన్నాడంటే చేస్తాడు. ఆ లెక్కల మధ్య నా బతుకు ఎలా ఉంటుందో ఊహించుకుని, బాబాయిగారు కబురు చెయ్యకముందే నేనే మేడెక్కాను.

ఏ సబ్జెక్టని అడగలేదు. మార్కులెన్నని అడగలేదు. పడక్కుర్చీలో కూర్చుని కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నారు. అలా తోసుకున్నారంటే విషయం సీరియస్ అని అర్థం. నిద్రలో ఎవరైనా లైటు వేస్తే మెలకువ వస్తుందా అని అడిగారు. వస్తుందన్నాను. సగం బకెట్టుతో తలంటు పోసుకోగలవా అన్నారు. ఎందుకు పోసుకోవాలన్నాను. పిన్నిగారి వైపు తిరిగి, కేసు కష్టంగానే ఉందన్నట్టు తల ఆడించారు.

మొదటి రోజే చేపలు బందు. ఆ యూనివర్సిటీ మెస్‌లో చేప ఉండదని ఎవరో చెప్పారట. ఇక రెండు పూటలా చపాతీ, రాజ్మా. పిన్నిగారిది మంచి చేయి. ఆవిడ చపాతీలు దూదిలా వచ్చేవి. హాస్టల్ చపాతీ ఇలా ఉంటే పిల్లలు చెడిపోతారని ఆయన గోల పెడితే, పాపం ఆవిడ కష్టపడి గట్టిగా కాల్చి పెట్టేవారు. ఈ సంగతి తెలిసి మా నాన్న చిన్నబుచ్చుకున్నాడు. చేపల వ్యాపారి కూతురు మేడ మీద రాజ్మా తింటోందని మార్కెట్‌లో తెలిస్తే ఏమనుకుంటారు? ఒక రోజు కొర్రమీను పులుసు గిన్నెలో పోసి, మూత పెట్టి, మా అమ్మ చేత పంపాడు. బాబాయిగారు మెట్ల దగ్గరే పట్టుకున్నారు. మూత తీసి వాసన చూసి, ఈ పరిస్థితుల్లో అమ్మాయికి ఇది విషంతో సమానమని చెప్పి వెనక్కి పంపేశారు. గిన్నె కిందికి చేరేసరికి అందులో సగమే ఉందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

బాత్‌రూం గొళ్ళెం ఆయనే స్క్రూడ్రైవరు పెట్టి ఊడదీశారు. హాస్టల్ బాత్‌రూంలకి గొళ్ళేలుండవు, ఉన్నా పడవు, కాబట్టి లోపలున్నంతసేపూ పాడుతూనే ఉండాలి, పాట ఆగిందంటే బయటివాళ్ళు తలుపు తోస్తారు. ఇది ఆయన రూలు. సరిగ్గా నేను తలకి షాంపూ పట్టించుకున్నాక కింద మోటారు కట్టేసేవారు. కళ్ళు మండుతున్నా పాట ఆపకూడదు. ఏ పాట అన్నది మన ఇష్టం. నాకు చిన్నప్పుడు స్కూల్లో నేర్పిన ప్రార్థన తప్ప చరణాలతో సహా ఏదీ రాదు. అందుకని రెండు వారాలు దేవుణ్ణి స్తుతిస్తూనే స్నానం చేశాను.

పిన్నిగారిది రూమ్మేటు వేషం. భాష తెలియని అమ్మాయితో ఒకే గదిలో ఉండటం అలవాటు కావాలి కాబట్టి నాతో హిందీలోనే మాట్లాడాలని ఆవిడకి ఆర్డరు. ఆవిడకొచ్చిన హిందీ అంతా టీవీ సీరియళ్ళలో నేర్చుకున్నది. అందులో కోడళ్ళని గుమ్మం దాటించే మాటలే ఎక్కువ. మధ్యాహ్నం నేను కళ్ళు మూసుకోగానే లైటు వేసి, వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి గుడివాడ కబుర్లన్నీ మాట్లాడేవారు. మధ్యలో డ్యూటీ గుర్తొచ్చి, నా వైపు తిరిగి, ఈ ఇంట్లోంచి వెళ్ళిపొమ్మని హిందీలో కేకేసి, వెంటనే తెలుగులో పడుకో తల్లీ అని దుప్పటి కప్పేవారు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఆఫీసు కౌంటరు. మేడ మెట్లు వీధి వైపు నుంచే ఉంటాయి. మెట్లు ఎక్కగానే ముందు గది కిటికీ. బాబాయిగారు ఆ కిటికీ వెనక టేబులేసుకుని గుమాస్తాలా కూర్చునేవారు. నేను సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని ఎండలో బయట నిలబడాలి. ఆయన పేపరు చదువుకునేవారు. చెవిలో అగ్గిపుల్ల పెట్టి తిప్పుకునేవారు. చాలాసేపటికి తలెత్తి, లంచ్ తర్వాత రమ్మని కిటికీ రెక్క వేసేసేవారు. లంచ్ తర్వాత వెళ్తే సంతకం చేసే సారు సెలవన్నారు. మర్నాడు వెళ్తే జిరాక్సు ఏదన్నారు. జిరాక్సు ఇస్తే ఒరిజినల్ ఏదన్నారు. కోపం తెచ్చుకున్నా, కంటనీరు పెట్టుకున్నా మళ్ళీ మొదటికొచ్చేది.

మూడో రోజు నా వెనక ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే ఒక పెద్దాయన, చేతిలో పింఛను కాగితం. ఆయన వెనక ఇంకో ఆవిడ, రేషన్ కార్డుతో. క్యూ కనిపించింది కాబట్టి ఏదో కొత్త ఆఫీసు పెట్టారనుకుని వచ్చి నిలబడ్డారట. నేను చెప్పేలోపే పెద్దాయన చెయ్యి జాపి కాగితం కిటికీలో పెట్టేశాడు. బాబాయిగారు అప్పటికి పాత్రలో ఎంతగా లీనమైపోయారంటే, కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, లంచ్ తర్వాత రమ్మని రెక్క వేసేశారు. పెద్దాయన మెట్ల మీద కూర్చుని క్యారేజీ విప్పుకున్నాడు. ఓపిక అంటే అలా ఉండాలని ఆ సాయంత్రం బాబాయిగారు నాకు ఆయన్ని ఉదాహరణగా చూపించారు. మర్నాడు మాత్రం తనే స్వయంగా ఆయన్ని వెంటబెట్టుకుని అసలు ఆఫీసుకి తీసుకెళ్ళి పని చేయించుకొచ్చారు.

సామాన్ల దగ్గర ఆయనకి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. వాళ్ళ నాన్నగారి కాలం నాటి హోల్డాల్ అటక మీంచి దింపి, దాన్లో పరుపు, దోమతెర చుట్టి బెల్టులు బిగించారు. బకెట్టు మీద ఎర్ర రంగుతో నా పేరు రాశారు. కిరసనాయిలు స్టవ్వు కూడా కడుతుంటే, రైల్లో పోలీసులు పట్టుకుంటారని పిన్నిగారు లాగేసుకున్నారు. విజయవాడ స్టేషన్‌లో నన్ను ఎక్కించడానికి వచ్చినప్పుడు మా నాన్నతో, ఇక ఈ అమ్మాయిని తుపాకీ పెట్టి కాల్చినా వెనక్కి రాదని హామీ ఇచ్చారు. మా నాన్న కిటికీలోంచి నా తల నిమిరి, షరతు మర్చిపోవద్దన్నాడు.

తీరా వెళ్ళి చూస్తే, నేను నేర్చుకున్నవాటిలో ఒక్కటీ అక్కరకు రాలేదు. బాత్‌రూంకి గొళ్ళెం ఉంది. పైనొకటి, కిందొకటి. అయినా అలవాటు కొద్దీ మొదటి రోజు ప్రార్థన అందుకున్నాను. బయటికొస్తే ఇద్దరమ్మాయిలు నన్ను వింతగా చూసి దారి ఇచ్చారు. సర్టిఫికెట్లన్నీ ఆన్‌లైన్లోనే చూసేశారు, కౌంటరే లేదు. మెస్‌లో వారానికి రెండుసార్లు చేప పెడుతున్నారు. రూమ్మేటు లేదు, సింగిల్ రూమిచ్చారు. లైటు ఎవరూ వెయ్యరు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. అసలు ఎవరూ మాట్లాడరు.

ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. వాళ్ళ స్నేహాలు వాళ్ళకున్నాయి, ల్యాబ్‌లో జతలు కుదిరిపోయాయి. నేను నోరు విప్పితే ఇంగ్లీషు తప్పుతుందేమోనని నవ్వి ఊరుకునేదాన్ని. నవ్వి ఊరుకునే మనిషిని ఎవరైనా ఎన్నిసార్లు పలకరిస్తారు? కొన్ని రోజులకి నా గొంతు నాకే కొత్తగా వినిపించడం మొదలుపెట్టింది. మెస్‌లో ప్లేటు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక, తినకుండానే కడిగి పెట్టేసిన రోజులున్నాయి. నెల తిరగకుండానే వచ్చేద్దామని నిర్ణయించుకున్నాను. నాన్నకి చెప్పే ధైర్యం లేక ముందు బాబాయిగారికి ఫోన్ చేశాను.

"అన్నం సయించట్లేదా?" అన్నారు.

"సయిస్తోందండీ. చేప కూడా పెడుతున్నారు."

"స్నానానికి ఇబ్బందా?"

"లేదండీ. గొళ్ళెం ఉంది."

"నిద్ర?"

"పడుతోందండీ."

ఆయన దగ్గర ప్రశ్నలు అయిపోయాయి. లైను కట్టయిందేమోనని నేను రెండుసార్లు హలో అన్నాను.

"టికెట్ తీసుకోకు. నేనొస్తున్నా" అన్నారు.

హైదరాబాదు దాటి ఎరగని మనిషి. ఉత్తరాది కదా చలిగా ఉంటుందని కోతి టోపీ, మఫ్లరు, చేతికి ఉన్ని తొడుగులు వేసుకుని, ఒళ్ళు పేలిపోయే ఎండలో మా హాస్టల్ గేటు ముందు దిగారు. చంకలో గోంగూర పచ్చడి సీసా. నాకు సిగ్గేసింది, వెంటనే ఏడుపొచ్చింది. తన రికార్డు కాపాడుకోవడానికే వచ్చారని, ఇక క్లాసు పీకుతారని అనుకుని తల దించుకుని నిలబడ్డాను. ఆయన క్లాసు పీకలేదు. బాగా చిక్కిపోయావన్నారు, అంతే.

విజిటర్స్ హాల్లో కూర్చోవాలంటే పాసు తీసుకోవాలట. హాస్టల్ ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్తే, లోపలున్నాయన తలెత్తకుండా లంచ్ తర్వాత రమ్మన్నాడు. బాబాయిగారి మొహం వెలిగిపోయింది. చెప్పానా లేదా అన్నట్టు నా వైపు చూశారు. ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. కోతి టోపీలో చెమటలు కారుతుంటే కోపం వచ్చేసి, కిటికీ చువ్వలు పట్టుకుని అచ్చ తెలుగులో ఆ గుమాస్తాని కడిగెయ్యడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళు ఇంతమందికి ఓపిక నేర్పిన మనిషి! ఇక లాభం లేదని నేనే ముందుకెళ్ళి, నాకొచ్చిన హిందీలో, రానిచోట ఇంగ్లీషులో, పెద్దాయన చాలా దూరం నుంచి వచ్చారని, ఎండదెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదని గట్టిగానే అడిగాను. పాసు వచ్చింది. ఆ హాస్టల్లో నేను అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదటిసారి.

మెస్‌లో ఆయనకి గెస్టు భోజనం పెట్టించాను. చపాతీ, రాజ్మా. ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, గ్లాసుడు నీళ్ళు తాగి, పెరుగెక్కడుందని అడిగారు. తర్వాత పచ్చడి సీసా మూత తీశారు. ఆ వాసనకి అటూ ఇటూ బల్లల వాళ్ళు తిరిగి చూశారు. ఆయనకి అదే చాలు. చూసిన ప్రతి అమ్మాయినీ చేత్తో పిలిచి, ప్లేట్లో ఇంత పచ్చడి వేసి, "వేర్ ఈజ్ యువర్ నేటివ్? ఫాదర్ వాట్ డూయింగ్?" అని మొదలుపెట్టారు. నెల రోజులుగా నేను పేరు కూడా కనుక్కోలేనివాళ్ళ ఇంటి సంగతులన్నీ భోజనం అయ్యేలోపు లాగేశారు. ల్యాబ్‌లో నా పక్క బల్ల దగ్గర పనిచేసే ఒడియా అమ్మాయిని చూపించి, "వీళ్ళ నాన్నదీ చేపల యాపారమేనంటమ్మా!" అన్నారు, ఏదో పోయిన చుట్టరికం దొరికినట్టు. ఆ అమ్మాయి గోంగూర పులుపుకి కళ్ళు మూసుకుని నవ్వుతూ, నువ్వు అసలు మాట్లాడవనుకున్నాను, రేపు ల్యాబ్‌లో నాతో కలిసి చేస్తావా అని అడిగింది. చేస్తానో లేదో నాకే తెలియదు. అప్పటికే పైన నా బ్యాగు సర్ది ఉంది.

సాయంత్రం స్టేషన్‌కి బ్యాగు తీసుకునే వెళ్ళాను. రైలు అక్కడి నుంచే బయల్దేరుతుంది కాబట్టి ముందుగానే పెట్టారు. ఆయన జేబులో రెండు టికెట్లున్నాయి, వచ్చేటప్పుడే తీసుకుని వచ్చారట. నా బ్యాగు సీటు కిందకి తోసి, నా బెర్తు మీద దుప్పటి పరిచి, మడతలు సరిచేసి, అప్పుడు ప్లాట్‌ఫారం మీదకి దిగారు. బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ, మీ రికార్డు పాడు చేస్తున్నానండీ అన్నాను.

"ఎక్కడి రికార్డమ్మా. మొట్టమొదట వెనక్కొచ్చేసింది నేనే."

అప్పుడు చెప్పారు. ఆయనా ఒకప్పుడు ఎమ్మేలో చేరారట. సముద్రం ఒడ్డున యూనివర్సిటీ, హాస్టల్లో గది. నెల కూడా ఉండలేదు. ఎందుకొచ్చేశారని ఇంట్లో అడిగితే తిండి బాలేదని, నిద్ర లేదని, స్నానాలకి కష్టమని నోటికొచ్చినవన్నీ చెప్పారు. అవేవీ కావు. అక్కడ ఏమీ జరగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా తిట్టినా ఉండిపోయేవాణ్ణన్నారు. తిరిగొచ్చి విజయవాడ స్టేషన్‌లో దిగి, ట్రంకుపెట్టె పక్కన పెట్టుకుని, ఇంటికి వెళ్ళే మొహం లేక చీకటి పడేదాకా ఆ ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నారట.

"ఫోన్లో అన్నీ బానే ఉన్నాయన్నావు చూడు, అప్పుడు భయమేసింది. దానికి నా దగ్గర ట్రైనింగు లేదమ్మా" అన్నారు. టీ కప్పు కింద పెట్టి, "వచ్చేస్తే వచ్చెయ్. తప్పేం కాదు. ఒక్కదానివే రాకూడదని వచ్చా. మీ నాన్న ఏమన్నా ముందు నన్ను అనాలి" అన్నారు.

నేను ఆయన్ని అంతవరకు ఒక వేళాకోళం మనిషిగానే ప్రేమించాను. ఆ క్షణాన ప్రేమించినంతగా మళ్ళీ ఎవర్నీ ప్రేమించలేదు. వెనక్కి వెళ్ళే దారి అంత తేలిగ్గా, పక్కన మనిషితో సహా కళ్ళ ముందుకి వచ్చాక, నన్ను ఇన్నాళ్ళు తరిమిన భయం ఎక్కడికి పోయిందో పోయింది.

"రేపు ల్యాబ్ ఉంది బాబాయిగారూ" అన్నాను.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని నన్ను కాసేపు చూశారు. "ల్యాబుంటే వెళ్ళాలిగా మరి" అన్నారు. లేచి వెళ్ళి నా బ్యాగు తెచ్చి చేతికిచ్చారు. దుప్పటి మాత్రం తియ్యలేదు.

ఆయన ఎక్కి కూర్చున్నాక, రైలు కదలడానికి ముందు, బెర్తు దొరకనాయనెవరో ఆ ఖాళీ బెర్తు మీద కూర్చోబోయాడు. బాబాయిగారు చెయ్యి అడ్డం పెట్టారు. టీటీఈ వచ్చాడు. ఈ సీటు మనిషి ఎక్కడని అడిగాడు. బాబాయిగారు కిటికీలోంచి నన్ను చూపించారు. రైలు కదలబోతోంది, ఎక్కమనండి అని అతను హిందీలో కంగారుపడ్డాడు.

"షీ నాట్ కమింగ్. షీ ఈజ్ స్టడీయింగ్" అన్నారు బాబాయిగారు, బోగీ అంతా వినపడేలా.

టీటీఈ వంగి నా వైపు చూశాడు. ప్లాట్‌ఫారం మీద బ్యాగు పట్టుకుని, ముక్కు చీదుకుంటూ, కళ్ళు వాచిపోయి నిలబడి ఉన్నాను. ఏ వైపు నుంచి చూసినా చదువుకుంటున్న మనిషిలా లేను. రైలు కదిలింది. పెద్దాయన అంతమంది ముందు అంత గట్టిగా చెప్పేశాక ఇక చేసేదేముంది? ఆటో ఎక్కి హాస్టల్‌కి వెళ్ళి, మొహం కడుక్కుని, పుస్తకం తీశాను.